అర్థమైందన్న అమ్మాయి

కాలేజీలో మనవాళ్లందరూ ఆ అమ్మాయిని గంగిరెద్దు అని పిలిచేవాళ్లు. వెక్కిరింతేం కాదు, ముద్దుపేరే. ఎవరేం చెప్పినా తలూపేది మరి. లెక్చరర్ పాఠం చెప్పినా, బస్సు కండక్టర్ విసుక్కున్నా, హాస్టల్ వార్డెన్ గొంతు చించుకున్నా అదే ఊపు, అదే చిన్న నవ్వు.

ఆ అలవాటు అమ్మమ్మ దగ్గర అబ్బింది. అమ్మమ్మకు రెండు చెవులూ వినపడవు. ఆ సంగతి ఇంటికొచ్చే చుట్టాల్లో సగం మందికి తెలీనే తెలీదు. ఎదుటి మనిషి మొహం చూసి ఎక్కడ నవ్వాలో, ఎక్కడ "అయ్యో" అనాలో, ఎక్కడ తలాడించాలో ఆవిడకి బాగా తెలుసు. "వినపడలేదంటే మనుషులు అరుస్తారే. అరిపించుకోవడం కన్నా తలూపడం మేలు కాదూ?" అనేది. అమ్మ స్కూల్లో చిన్నపిల్లల టీచరు, నాన్న కుట్టుమిషన్ల మెకానిక్కు. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం రావడం. పిల్ల అమ్మమ్మ ఒళ్లోనే పెరిగింది.

డాక్టరు కావాలని పట్టుబట్టింది. ఇక్కడ సీటు అందినట్టే అంది చేజారింది. అప్పుడు ఎవరో చెప్పారు, ఫలానా దేశంలో చదువు బాగుంటుంది, పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు, మన పిల్లలు చాలామంది ఉన్నారు అని. అలా వెళ్లింది.

మొదటి రెండేళ్లూ బండి నల్లేరు మీద నడిచినట్టే నడిచింది. ఎముకలు, నరాలు, మందుల పేర్లు అన్నీ ఇంగ్లీషులోనే. బట్టీ పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మార్కులూ బాగా వచ్చాయి. చిక్కంతా మూడో ఏడాది వార్డుల్లోకి అడుగుపెట్టాక మొదలైంది. పాఠం ఇంగ్లీషులో చెబుతారు గానీ రోగి ఇంగ్లీషులో మూలగడు కదా. అక్కడి భాషను పుస్తకంలో నేర్చుకుంది. "నొప్పి ఎక్కడ? ఎప్పట్నించి? రాత్రి నిద్ర పడుతోందా?" ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు. జవాబులతోనే వచ్చింది తంటా. వాళ్లు పుస్తకంలో లాగా మాట్లాడరు. సగం మాట మింగేస్తారు, సగం సామెతల్లో చెబుతారు, పళ్లు లేని ముసలాళ్లయితే ఇక చెప్పనక్కర్లేదు.

ఈ బాధ ఆమెకొక్కదానికే కాదు, మనవాళ్లందరిదీ. దానికి సీనియర్లు ఎప్పుడో ఒక దారి కనిపెట్టి పెట్టారు. ప్రశ్న అడుగు, తలూపు, తెలిసిన మాటలు పట్టుకో, మిగతాది రోగి పాత కాగితాలు చూసి రాసెయ్. ఆ విద్యలో అందరికీ గురువు ఫైనలియర్ చదివే ఒకతను. అందరూ పెద్దన్న అనేవాళ్లు. మంచివాడు. ఆమె వెళ్లిన కొత్తలో జ్వరంతో పడుకుంటే పూటపూటా గంజి కాచి తలుపు దగ్గర పెట్టి వెళ్లినవాడు. "భయపడకు చెల్లాయ్, పెద్ద డాక్టర్లు మళ్లీ అన్నీ చూసుకుంటారు. మనం రాసేది ఎవడు చదువుతాడు?" అని ధైర్యం చెప్పింది కూడా అతనే.

ఒకరోజు మధ్యాహ్నం ఆమెకు ఒక తోటమాలిని అప్పగించారు. ఊళ్లోని పెద్ద పార్కులో పనిచేస్తాడట. ఎరువు బస్తాలు మోసీ మోసీ గజ్జల్లో పేగు జారింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. ఆయన జబ్బు వివరాలన్నీ అడిగి కేసు కాగితంలో రాయడం ఆమె పని.

ఆయన మాటకారి. అరవై దాటినా చేతులు చెట్టు వేళ్లలా గట్టిగా ఉన్నాయి. వార్డు కిటికీలోంచి కనిపించే పూలకుండీలు చూపించి వాటికి నీళ్లు ఎలా పోయకూడదో చాలాసేపు చెప్పాడు. ఆమె తలూపింది. నొప్పి గురించి అడిగింది, అది బాగానే అర్థమైంది. పాత జబ్బులు అడిగింది, అదీ అర్థమైంది. చివర్లో "ఏ మందైనా మీకు పడదా?" అని అడిగింది.

ఆయన చాలా పెద్ద జవాబు చెప్పాడు. చెయ్యి మెడ దగ్గరికి తీసుకెళ్లాడు, గాల్లో తిప్పాడు, నవ్వాడు. మాటలు గబగబా దొర్లిపోయాయి. వాటిలో ఆమెకు దొరికింది ఒక్కటే, "ఆకు". మళ్లీ మొక్కల గోలలో పడ్డాడు కాబోలు అనుకుంది.

"అర్థమైందా అమ్మాయ్?" అన్నాడాయన.

"అర్థమైంది" అంది. తలూపింది. కాగితంలో ఆ గడి ముందు "లేవు" అని రాసింది.

అటుగా పోతున్న వార్డు హెడ్ సిస్టర్ ఆగి, "అన్నీ అడిగావా?" అంది. లావుపాటి మనిషి, నోరు కాస్త గట్టిది. ఆవిడకీ ఒక ఊపు దక్కింది.

మర్నాడు ఉదయం హాస్టల్లో ఆమె జడ వేసుకుంటోంది. గదిలో తోడుండే అమ్మాయి ఆ దేశపు పిల్లే, లెక్కల చదువు చదువుతోంది. స్నానం చేసి చేతులు గోక్కుంటూ వచ్చింది. మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు. ఫోనులో వాళ్లమ్మకు చెప్పుకుంటోంది. కొత్త సబ్బు వాడిందట. "ఆకు కొట్టిందమ్మా, ఒళ్లంతా ఆకు కొట్టింది" అంటోంది.

జడ అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏమన్నావిప్పుడు?" అంది ఫోను పెట్టేదాకా ఆగకుండా.

"ఏమన్నాను?"

"ఆకు అన్నావ్. సబ్బుకీ ఆకుకీ ఏం సంబంధం?"

ఆ పిల్ల నవ్వింది. అక్కడ రోడ్ల పక్కన ఒక పిచ్చిమొక్క పెరుగుతుంది, మన దూలగొండి లాంటిదే. ఒంటికి తగిలితే దద్దుర్లు లేచి దురదతో చస్తాం. అందుకని ఏ కారణంతో ఒళ్లు దద్దుర్లెక్కినా వాళ్లు అలాగే అంటారు. "తినేది పడకపోయినా, మందు పడకపోయినా ఆకు కొట్టిందనే అంటాం. ఎందుకలా అయిపోయావ్?" అంది.

ఆమెకు ఆ తోటమాలి చెయ్యి కళ్లముందు కదిలింది. మెడ దగ్గరికి వెళ్లిన చెయ్యి. దురద చూపించాడా? గొంతు పట్టేసిందని చూపించాడా? ఆపరేషన్‌కి ముందు చీము పట్టకుండా ఒక సూదిమందు వేస్తారు. ఆ వార్డులో అందరికీ వేసేది ఒకే మందు. సరిగ్గా మనుషులకు పడకపోవడంలో పేరుమోసిన మందే అది.

వార్డు ఫోను నంబరు ఆమె దగ్గర లేదు. పెద్దన్నకు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇంకోసారి చేసింది, ఎత్తలేదు. సగం జడతో, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులతో పరుగు తీసింది.

బస్సు కదులుతూనే ఉంది గానీ ఆమెకు నిలబడిపోయినట్టే అనిపించింది. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు నింపాదిగా ఎక్కుతున్నారు, చిల్లర వెతుక్కుంటున్నారు. ఆమె లోపల్లోపల వాక్యాన్ని కూడదీసుకుంటోంది. 'ఆయనకు ఆ మందు పడదు. సూది వెయ్యకండి.' పుస్తకం భాషలో ఈ రెండు ముక్కలూ వచ్చు. ఎన్నోసార్లు అనుకుంది. ఆసుపత్రి గేటు దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దూకింది.

వార్డులో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మార్చేశారు.

హెడ్ సిస్టర్ బీరువా దగ్గర దిండు గలీబులు సర్దుతోంది. ఆమెను చూసి, "జుట్టేంటి అలా? దెయ్యం పట్టిందా?" అంది.

నోరు తెరిచింది. ఒక్క ముక్క రాలేదు. బస్సులో అన్నిసార్లు వల్లించిన వాక్యం ఎగిరిపోయింది. ఇంగ్లీషు వచ్చింది, దాని మీద తెలుగు వచ్చింది, కావలసింది మాత్రం రాలేదు. "ఆయన... తోట... మందు..." అంటూ నాలుక మడతపడింది.

"నిదానంగా చెప్పు. నాకు పనుంది" అంది సిస్టర్.

అప్పుడు ఆమె ఆ ఖాళీ మంచం చూపించింది. సూది పొడిచినట్టు తన జబ్బ మీద వేలితో పొడుచుకుంది. రెండు చేతులూ రక్కుకుంది. గొంతు పట్టుకుని ఊపిరాడనట్టు నోరు తెరిచింది. "ఆకు కొట్టింది!" అని అరిచింది. "ఆయనకు ఆకు! సూది వేస్తే ఆకు!"

సిస్టర్ చేతిలోని గలీబులు కిందపడ్డాయి. "ఎవరు చెప్పారు?"

"ఆయనే."

ఇంకేమీ అడగలేదు. ఫోనెత్తి థియేటరుకు చేసింది. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. ఫోను విసిరేసి పరుగెత్తింది. అంత లావు మనిషి అలా పరుగెత్తగలదని ఆ వార్డులో ఎవరూ అనుకుని ఉండరు. మెట్ల దగ్గర ఒక చెప్పు జారిపోతే రెండోదీ వదిలేసింది. వెనకాల ఈ అమ్మాయి. థియేటరు ముందు నేలమీద ఎర్రగీత ఉంటుంది. దాని లోపలికి బయటి బట్టలతో ఎంత పెద్దవాళ్లూ పోకూడదు. సిస్టర్ ఆ గీత చూడనే లేదు. తలుపు భుజంతో తోసి, "ఆపండి! సూది ఆపండి!" అంటూ లోపలికి పోయింది.

ఈ అమ్మాయి గీత దగ్గరే ఉండిపోయింది. లోపల మాటలు వినపడుతున్నాయి, అర్థం కావడం లేదు. ఎవరో గట్టిగా ఏదో అడిగారు. ఏదో లోహపు పళ్లెం కిందపడింది. ఆ తర్వాత దగ్గు వినపడింది. పొడిగా, తెరలు తెరలుగా, ఆగని దగ్గు. అది ఆయనదేనని ఆమెకు తెలిసింది. పక్కనున్న చెప్పుల అర పట్టుకుని నిలబడింది.

మందు అప్పటికే కొంచెం లోపలికి పోయింది. మత్తు డాక్టరు ఆపేసి, విరుగుడు సూది వేసి, ప్రాణవాయువు పెట్టాడు. చాలాసేపటి తర్వాత ఆయన్ని చక్రాల బల్లమీద తోసుకుంటూ బయటికి తెచ్చారు. మొహం ఉబ్బిపోయి కళ్లు గీతల్లా ఉన్నాయి. మెడంతా ఎర్రటి దద్దుర్లు. కానీ ఊపిరి తీస్తున్నాడు.

వెనకాలే ప్రొఫెసర్ వచ్చాడు. మాస్కు కిందికి లాగి, "చెప్పింది నువ్వేనా? నీకెలా తెలుసు?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఆయన నాకు చెప్పారు సార్."

"మరి కాగితంలో..." అనేలోపే లోపల్నించి ఎవరో పిలిచారు. "నిన్ను పిలిపిస్తాను. వార్డుకు మాత్రం రావద్దు" అని వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. సూది వేసేముందు మత్తు డాక్టరు కూడా అడిగాడట, ఏ మందైనా పడదా అని. "అదంతా నిన్న ఆ అమ్మాయికి చెప్పానుగా, రాసుకుంది" అన్నాడట తోటమాలి. డాక్టరు కాగితం తిరగేశాడు. "లేవు" అని ఉంది.

ఆ సాయంత్రానికే ఈ కబురు మనవాళ్లందరికీ పొక్కింది. పెద్దన్న హాస్టల్ వంటగదిలో ఆమెను కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏం రాశావో నాకు తెలుసు. ఎలా రాశావో కూడా తెలుసు. అది వదిలెయ్. ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు కాగితం పూర్తిచేసి ఇచ్చేశాక ఆయన మళ్లీ పిలిచి చెప్పాడు. నువ్వు వెళ్లి ఒక నర్సుకు చెప్పావు. ఏ నర్సో గుర్తులేదు. అంతే."

"నేను ఎవరికీ చెప్పలేదన్నయ్యా."

"ఆ సాయంత్రం డ్యూటీలో చాలామంది ఉన్నారు. ఎవరూ ఒప్పుకోరు, ఎవర్నీ పట్టుకోలేరు. నాలుగు రోజులు గొణుక్కుని ఊరుకుంటారు."

"హెడ్ సిస్టర్ మీదికి పోదూ?"

"ఆవిడకి ఏళ్ల సర్వీసుంది, ఆవిడకేం కాదు." గొంతు తగ్గించాడు. "నీకొక్కదానికే అయితే నేనింత చెప్పను చెల్లాయ్. భాష రాక ఇలా జరిగిందని నీ నోటితో అన్నావనుకో, ఇక మనలో ఒక్కణ్ణి కూడా వార్డులోకి రానివ్వరు. పరీక్ష పెడతారు. నేను ఆఖరి ఏడాదిలో ఉన్నాను. నాకే సరిగ్గా రాదు. మా ఇంట్లోవాళ్లు నేనెప్పుడొస్తానా అని కూర్చున్నారు. కొరివితో తల గోక్కోవడం నీ ఇష్టం, కానీ మా తలలు కూడా గోకకు."

ఆమె తలూపబోయి ఆగింది.

ఇంటికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. అంతా విని అమ్మ, "ఆయన బతికాడుగా తల్లీ? మరి ఇంక అన్నయ్య చెప్పినట్టు చెయ్. పరాయి దేశం. నీ పక్కన నిలబడేవాళ్లెవరు?" అంది. అమ్మ దగ్గర ఇంకో మాట దొరుకుతుందనుకుంది. దొరకలేదు.

మర్నాడు వార్డుకు రావద్దన్నా వెళ్లింది. తోటమాలిని వేరే గదిలో పెట్టారు. మొహం వాపు తీసింది. మంచం పక్కన ఆయన కూతురు. ఈమెను చూడగానే లేచి నిలబడి తలుపు చూపించింది. ఆయన చెయ్యెత్తి కూతుర్ని ఆపాడు.

ఈమె వచ్చీరాని భాషలో, "నన్ను క్షమించండి. ఆ రోజు మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు" అంది.

"అర్థమైందన్నావు."

"అవును. అబద్ధం చెప్పాను."

ఆయన కళ్లలో జాలీ లేదు, క్షమా లేదు. ఈసారి ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నాకు ముప్పయ్యేళ్లప్పుడు ఈ మందుతోనే చావు దాకా వెళ్లొచ్చాను. ఆ కథే నీకు చెప్పాను. అర్థం కాలేదని అంటే మళ్లీ చెప్పేవాణ్ణిగా. ఇంకోసారి చెప్పడానికి నాకేం పోయింది? మంచం మీద పడుకుని నాకింకేం పనుంది?"

కూతురూ వదల్లేదు. "మీకు నేర్చుకోవడానికి మా నాన్నే దొరికాడా?" అంది. ఫిర్యాదు ఇచ్చేశానని కూడా చెప్పింది.

తర్వాతి రోజు ప్రొఫెసర్ గదికి పిలిచారు. బల్లకు అటువైపు ప్రొఫెసర్, మత్తు డాక్టరు. ఇటువైపు గోడ పక్కన కుర్చీలో హెడ్ సిస్టర్. వార్డుకు జవాబుదారీ ఆవిడే కాబట్టి పిలిపించారు. మామూలుగా నోరు మూతపడని మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది.

ప్రొఫెసర్ మొహంలో కోపం లేదు. పైగా కాస్త మెత్తగానే ఉన్నాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"చూడమ్మా, నువ్వు పరుగెత్తుకుని రాకపోతే ఆయన దక్కేవాడు కాదు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి" అన్నాడు ఇంగ్లీషులో. "ఆ వార్డులో నోటిమాటగా చెప్పినవి కాగితం మీదికి ఎక్కకపోవడం ఇదే మొదటిసారి కాదు. నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నాను." సిస్టర్ వైపు ఒకసారి చూశాడు. "రోగి నీకు తర్వాత చెప్పాడు. నువ్వు వార్డులో చెప్పావు. వాళ్లు రాయలేదు. మర్నాడు అనుమానమొచ్చి పరుగెత్తుకొచ్చావు. ఇంతేకదా జరిగింది?"

సిస్టర్‌కు ఇంగ్లీషు అంతగా రాదు. కానీ "వార్డు" అన్న మాట అందింది. తలెత్తింది. ఆవిడ మెడమీద నరం కొట్టుకోవడం ఈ అమ్మాయికి కనిపించింది.

నోరు తెరవక్కర్లేదు. ఒక్క అబద్ధపు మాట కూడా ఆడక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చేస్తున్న పని ఇంకొక్కసారి చేస్తే చాలు. మెడ తనంతట తానే కిందికి వంగబోతోంది. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. పెద్దన్న మొహం కనిపించింది, అమ్మ గొంతు వినిపించింది. మెడ కండరాలు బిగబట్టుకుంది. తిమ్మిరెక్కినట్టు నొప్పి పుట్టింది.

"కాదు సార్."

ప్రొఫెసర్ కలం ఆగింది. "ఏది కాదు?"

ఆమె ఇంగ్లీషు వదిలేసి అక్కడి భాషలోకి దిగింది. సిస్టర్‌కు అర్థం కావాలని. తప్పులతోనే చెప్పింది. "ఆయన నాకు ముందే చెప్పారు. నేను అడిగినప్పుడే చెప్పారు. నాకు అర్థం కాలేదు. అర్థమైందని అన్నాను. 'లేవు' అని రాశాను. వార్డులో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. సిస్టర్ అడిగారు, అన్నీ అడిగావా అని. అడిగానని తలూపాను."

మత్తు డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇలా ఇంతకుముందు కూడా చేశావా?" ప్రొఫెసర్ గొంతులో మెత్తదనం పోయింది.

"చేశాను."

"నువ్వొక్కదానివేనా?"

ఈ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. "నా సంగతి నేను చెప్పాను సార్. ఇంకొకరి సంగతి వాళ్లనే అడగండి" అంది.

అది అవునన్నట్టే అయింది. అలా కాకుండా ఎలా చెప్పాలో ఆమెకు అప్పుడూ తోచలేదు, తర్వాత ఎంతాలోచించినా తోచలేదు.

తీర్పు ఆ వారంలోనే వచ్చింది. ఆ ఏడాది వార్డు చదువు రద్దు. మళ్లీ మొదట్నించి చెయ్యాలి. వచ్చే నెల నుంచి పరాయి దేశపు విద్యార్థులందరికీ మాట్లాడే భాషలో పరీక్ష. నెగ్గనివాళ్లు రోగి మంచం దగ్గరికి పోకూడదు.

పెద్దన్న అన్నంత పనీ జరిగింది. ఇంక మనవాళ్ల సంగతి చెప్పాలా! వంటగదిలో ఆమె అర ఖాళీ చేసి గిన్నెలు తెచ్చి గది ముందు పెట్టారు. ఫోనులో అందరి గుంపులోంచీ తీసేశారు. గంగిరెద్దు అని పిలవడం కూడా మానేశారు. ఎదురుపడితే గోడ చూసుకుంటూ పోయేవాళ్లు. పెద్దన్న మొదటి పరీక్ష తప్పాడు. ఆర్నెల్లు వెనకపడ్డాడు. ఆ ఆర్నెల్లలో మెట్ల మీద ఎన్నోసార్లు ఎదురయ్యాడు, ఒక్కసారీ పలకరించలేదు. జ్వరంలో గంజి కాచిన మనిషి అలా పక్కనించి పోతుంటే ఆమెకు ప్రాణం విలవిల్లాడేది. వెళ్లి ఏమని అడుగుతుంది? అతను పోగొట్టుకున్నదీ నిజమే.

తోటమాలికి వేరే మందుతో ఆపరేషన్ చేశారు. బాగానే జరిగిందని, నడుచుకుంటూ ఇంటికెళ్లాడని సిస్టర్ ద్వారా తెలిసింది. ఆయన్ని ఆమె మళ్లీ చూడలేదు.

సిస్టర్ ఒకరోజు నడవలో ఆపింది. "నా ఉద్యోగం నిలబెట్టావని నీకు దండం పెడతాననుకోకు. నిజం చెప్పడం గొప్పేం కాదు" అంది. వెళ్లబోయి మళ్లీ ఆగింది. "ఈ ఏడాదంతా ఏం చేస్తావ్? హాస్టల్లో గోళ్లు గిల్లుకుంటావా?"

"తెలీదండీ."

"రేపు పొద్దున కింద చీట్ల కౌంటరు దగ్గరికి రా. ప్రొఫెసర్‌తో మాట్లాడతాను. ఊరి జనమంతా అక్కడికే వస్తారు. కసిరేవాళ్లు, ఏడ్చేవాళ్లు, నసిగేవాళ్లు. అక్కడ ఆర్నెల్లు కూర్చుంటే రాయి కూడా మాట్లాడుతుంది."

వెళ్లింది. మొదటివారం నరకమే. అద్దం అవతల జనం తోసుకుంటుంటారు. ఒకడు పేరు చెబుతాడు, ఒకడు జబ్బు చెబుతాడు, ఒకావిడ కోడలి మీద చాడీలు చెబుతుంది. ప్రతిసారీ మెడ కదలబోయేది, ప్రతిసారీ బిగబట్టి, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనేది. ఒక పెద్దాయన విసిగిపోయి ఏదో అన్నాడు. అదీ అర్థం కాలేదని, మళ్లీ చెప్పమని అడిగింది. వెనక లైనంతా గొల్లుమంది. ఆయన అన్నది బూతట. సాయంత్రం గదిలో పిల్ల దానికి అర్థం చెప్పి, పడీపడీ నవ్వి, ఇంకో నాలుగు నేర్పింది. చాలారోజుల తర్వాత ఆమె కూడా నవ్వింది.

నోరు మెల్లగా తిరిగింది. భాషా పరీక్ష మొదటిసారే నెగ్గింది. తర్వాతి ఏడాది మళ్లీ వార్డులోకి వెళ్లింది. తనకన్నా చిన్నవాళ్ల మధ్య నిలబడి, విన్న పాఠాలే విని, తన జతవాళ్లకన్నా ఏడాది ఆలస్యంగా డాక్టరైంది. పట్టా తీసుకున్న రోజున ఫోన్ చేస్తే నాన్న, "మన వీధిలో అందరికీ చెప్పేశానే" అన్నాడు. అమ్మ ఫోను అందుకుని ఏడ్చింది. ఆనాటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె ఇక్కడికి తిరిగొచ్చి ఒక మామూలు ఊళ్లో మామూలు ఆసుపత్రిలో పనిచేస్తోంది. పెద్ద పేరేం లేదు. ఆమె గది ముందు లైను నత్తనడకన కదులుతుంది, అడిగిందే అడుగుతుందని కొందరు లేచి పక్క డాక్టరు దగ్గరికి పోతారు. పోనిస్తుంది.

కిందటేడు పెద్దన్న దగ్గర్నించి ఒక మెసేజ్ వచ్చింది. ఇన్నేళ్లలో అదే మొదటిది. మీ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఉద్యోగం ఖాళీ ఉందట కదా, ఎవరిని అడగాలి అని. పలకరింపు లేదు, చెల్లాయ్ అన్న పిలుపు లేదు. ఆమె ఆ మెసేజ్‌ను పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా అలాగే ఉంచింది. తర్వాత ఎవరిని కలవాలో, ఏ రోజు రావాలో, స్టేషన్ నుంచి ఏ బస్సు ఎక్కాలో వివరంగా రాసి పంపింది. కింద "భోజనం మా ఇంట్లోనే" అని కూడా రాసింది.

అతను వచ్చాడు. భోంచేశాడు. ఉద్యోగం గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఏదో అనబోయాడు, అనలేదు. ఆమే, "వానొచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్లన్నయ్యా" అంది.